ధర్మసాగర్‌కు పోని ఫోటో

మొన్న ఆదివారం పొద్దున మా అన్న మనుమరాలు వచ్చింది. ఇక్కడే వరంగల్‌లో ఇంజనీరింగు చదువుతూ హాస్టల్లో ఉంటుంది; గుర్తుకొచ్చినప్పుడు, అంటే హాస్టలు కూర నోటికి ఎక్కనప్పుడో, తలకు నూనె పెట్టించుకోవాలనిపించినప్పుడో, నా రెండు గదుల పోర్షను తలుపు తడుతుంది. ఆ పిల్ల ఉన్నంతసేపూ నేను ఆగకుండా మాట్లాడుతూనే ఉంటాను, వెళ్ళాక నాకే సిగ్గేస్తుంది, కానీ ఏం చెయ్యను, మిగతా రోజుల్లో పాలవాడితో ఒక మాట, పక్క పోర్షను ఆమెతో నల్లా గురించి నాలుగు మాటలు తప్పితే ఈ ఇంట్లో మాట పుట్టే దారే లేదు. కొన్ని సాయంత్రాలు టీవీలో వార్తలు చదివే అమ్మాయికి జవాబు చెప్తూ నాకు నేనే దొరికిపోయాను. ఈసారి మాత్రం ఆమె వచ్చింది కూర కోసం కాదు. మంచం కింద ఇనుప పెట్టెలో తాతగారి కెమెరా లెన్సు ఉందని వాళ్ళ నాన్న ఫోన్లో చెప్పాడట, దాని కోసం.

పెట్టె ఇవతలికి లాగి, పాత ధోవతి ముక్కలో చుట్టి ఉన్న లెన్సు తీసి చేతికిచ్చాను. ఆమె దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి ఇటూ అటూ తిప్పి చూసి, "అవ్వా, ఇట్లాంటి వింటేజ్ లెన్సు కోసం మా దోస్తులు పడి చస్తున్నరు, తెల్సా?" అంది. ఆ లెక్కన నేనూ వింటేజేగా, నన్నెవరూ అడగరేం అంటే పకపకా నవ్వింది. తర్వాత సంచిలోంచి తన కొత్త కెమెరా తీసి, దానికి ముందు ఒక సన్నటి రింగు బిగించి, ఆ రింగులోకి మా అన్న లెన్సును మర తిప్పినట్టు తిప్పి పెట్టింది. ఎక్కడో జర్మనీలో ఎప్పుడో తయారైన లెన్సు, నిన్నగాక మొన్న తయారైన కెమెరా, రెండూ ఏ పేచీ లేకుండా కుదురుకున్నాయి. చూడు అవ్వా అని నా చేతిలో పెట్టింది. నేను కంటికి ఆనించుకున్నాను. వాకిట్లో దండెం మీద ఆరేసిన నా చీర మసకగా, ఎవరిదో అన్నట్టుగా కనిపించింది. ఎడమచేతి వేళ్ళు వాటంతటవే రింగు మీదికి వెళ్ళి, ఎటు తిప్పాలో నేను తలచుకునేలోపే తిప్పాయి, చీర అంచు మీది దారపు పోగులు తేటగా వచ్చి నిలబడ్డాయి. ఇన్నేళ్ళ తర్వాత కూడా వేళ్ళు మరిచిపోలేదు. మనుమరాలికి నా మొహం కనిపించకుండా కెమెరా కంటి మీదే ఉంచుకున్నాను.

నా ఈడు వాళ్ళకు ఆ రోజుల్లో ఫోటో దిగడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. తలకు నూనె రాసి దువ్వుకుని, మొహం మీద పౌడరు అద్దుకుని, ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. ఫోటోలో నవ్వితే పిచ్చివాళ్ళంటారేమోనని నవ్వేవాళ్ళం కాదు. పాత ఆల్బములు తిరగేస్తే మన తరమంతా ఏదో కోపం మీదున్నట్టు కనిపిస్తాం. ఆ కోపం మొహాలను నేను వేలల్లో చూశాను, కెమెరాకు ఇవతలి పక్క నుంచి. ఆడదాన్నయి ఉండి, అందులోనూ మగనిని పోగొట్టుకున్నదాన్నయి ఉండి, ఆ రోజుల్లో ఫోటోలు తీయడం నాకెలా పట్టుబడిందో చెప్తాను.

మాది నేత కుటుంబం. నాన్న మగ్గం నేసేవాడు, అన్నకు ఆ మగ్గం గుంటలో కూర్చోవడం సరిపడక చిన్నప్పుడే సికింద్రాబాదు పారిపోయి, ఒక ముసలి ఫోటోగ్రాఫరు దగ్గర పని నేర్చుకుని, ఆయన వాడి వదిలేసిన కెమెరా, లెన్సు తీసుకుని వచ్చి స్టేషను రోడ్డులో చిన్న స్టూడియో పెట్టాడు. నన్ను మిల్లులో పనిచేసే అతనికిచ్చి పెళ్ళి చేశారు. మంచివాడే, కానీ ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు, డెబ్భైల మొదట్లో. పిల్లలు లేరు. అన్న వచ్చి, అత్తగారింట్లో ఎవరితోనూ వాదన పెట్టుకోకుండా, నా బట్టల పెట్టె రిక్షాలో పెట్టి తన ఇంటికి తీసుకొచ్చాడు. వదిన చెడ్డది కాదు, వాకిట్లో నీళ్ళచెంబు పట్టుకుని ఎదురొచ్చింది, కానీ ఇంట్లో నా పనేమిటో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. వంట ఆమె చేసేది, పిల్లలిద్దరూ ఆమె కొంగు వదిలేవాళ్ళు కాదు. నేను గోడకానుకుని కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరేదాన్ని, రాళ్ళు అయిపోయినా ఏరుతూ ఉండేదాన్ని.

స్టూడియోకు వెళ్ళడం మొదలైంది పెళ్ళికూతుళ్ళ వల్ల. అప్పుడప్పుడే సంబంధాలకు ముందు పిల్ల ఫోటో అడగడం మొదలైంది, పాలకుర్తి వైపు నుంచి, ధర్మసాగర్ వైపు నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి తల్లులు కూతుళ్ళను బస్సుల్లో ఎక్కించుకుని వచ్చేవాళ్ళు. వచ్చి, మగవాడు పిల్ల గడ్డం పట్టుకుని పైకెత్తుతాడని తెలిసి బెదిరి గడప దగ్గరే ఆగిపోయేవాళ్ళు. అన్న ఒక రోజు ఇంటికొచ్చి, చెల్లె, నువ్వు జర వచ్చి ఆ పిల్లల పైట సర్దు, గడ్డం ఎత్తు అన్నాడు. పైట సర్దడానికి వెళ్ళినదాన్ని కొన్నాళ్ళకు దీపాలు సర్దడం నేర్చుకున్నాను, ఆ తర్వాత చీకటి గదిలో ఫోటోలు కడగడం, చివరికి కెమెరా వెనకాల నిలబడడం. ఆడవాళ్ళ ఫోటోలు నేను, మగవాళ్ళవీ పెళ్ళిళ్ళవీ అన్న, అని మేం అనుకోకుండానే పంపకం జరిగిపోయింది. ఇంకోలా జరగడానికి లేదు కూడా, పెళ్ళిపందిట్లో వధూవరుల ఎదుట నాలాంటిది నిలబడితే ఒప్పుకునే రోజులా అవి? ఆ పిల్లకు సంబంధం కుదిరేందుకు ఫోటో నేను తీయొచ్చు, తీరా పెళ్ళినాడు మాత్రం నా నీడ పడకూడదు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ లెన్సుతో ఫోటో తీయడం అంటే నిదానంగా చేయాల్సిన పని. మా స్టూడియోలో రెండే దీపాలు, వెలుతురు తక్కువ, అందుకని లెన్సు కన్ను పూర్తిగా తెరవాలి, తెరిస్తే తేటగా వచ్చే మేర మరీ సన్నం, కంటి రెప్ప తేటగా ఉంటే చెవి కమ్మ మసకబారేది. అందుకని రింగు తిప్పుతూ, మసకలోంచి ఆ పిల్ల కళ్ళు తేలి వచ్చేదాకా ఓపిక పట్టాలి. ఆ కాసేపూ ఆ పిల్ల నన్నే చూస్తున్నట్టుండేది. చూసేది నన్ను కాదని తెలుసు, లెన్సును. లెన్సు అవతల తనను చేసుకోబోయే వాడెవడో ఉన్నాడనుకుని అతన్ని. అయినా ఒక మనిషి అంతసేపు నా వైపు కళ్ళెత్తి చూడడం నాకు రోజు మొత్తంలో అప్పుడే జరిగేది. ఇంట్లో పనుల మీద ఉన్నవాళ్ళు మనిషిని చూడరు, మనిషి చేతిలో ఉన్న చెంబును చూస్తారు. నాకు ఆ స్టూడియో నచ్చిందంటే అందుకే నచ్చింది.

ఒక వానాకాలం అన్న తీసిన పెళ్ళి ఫోటోలు సరిగా రావడం మానేశాయి. పూలదండ తేటగా ఉంటే మొహాలు మసకగా ఉండేవి, లేకపోతే వెనక నిలబడి నోట్లో తమలపాకు నములుతున్న పెద్దాయన తేటగా వచ్చి పెళ్ళికొడుకు మంచులో ఉన్నట్టు వచ్చేవాడు. గిరాకీలు వచ్చి గొణిగేవాళ్ళు. అన్న మొదట రీళ్ళను తిట్టాడు, తర్వాత ఫోటోలు కడిగే మందునీళ్ళను తిట్టాడు, ఆఖరికి లెన్సుకు తేమ పట్టి బూజొచ్చిందని తీర్మానించాడు. వదిన దానికో ఉపాయం చెప్పింది. మా ఇళ్ళల్లో తేమ తగలకూడని దేన్నయినా బియ్యం డబ్బాలో పెట్టడం అలవాటు, అగ్గిపెట్టెలు, పాపడాలు, పసుపు కొమ్ములు అన్నీ అందులోకే. లెన్సును గుడ్డలో చుట్టి బియ్యంలో పాతింది. గుడ్డ సందుల్లోంచి బియ్యపు పిండి, తవుడు రింగులోకి దూరి, అది తిప్పినప్పుడల్లా కరకరమనడం మొదలుపెట్టింది. నాకు కోపం వచ్చింది కానీ నవ్వు కూడా ఆగలేదు, లెన్సు వెనక మూత తీస్తే రెండు నూకలు రాలాయి. అన్న హైదరాబాదుకు పంపించి శుభ్రం చేయించాడు. బాగుచేసినాయన లెన్సులో ఏ దోషమూ లేదని, బియ్యంలో మాత్రం పెట్టవద్దని కబురు పెట్టాడు. అన్న నవ్వలేదు. అదే లెన్సుతో నేను తీసినవి బాగానే వస్తున్నా, అప్పుడు నేను పట్టించుకోలేదు.

ఆ చలికాలంలోనే నాకు సంబంధం వచ్చింది. మా కులంలో మారుమనువు కొత్తేమీ కాదు, చేసుకునేవాడు దొరకాలి గానీ. వదిన పిన్ని ధర్మసాగర్‌లో ఉండేది, ఆమెకు తెలిసిన ఒకాయన చెరువు దగ్గర వరంగల్‌కు నీళ్ళు తోడే పంపుల మీద పనిచేసేవాడు. భార్య కాన్పులో పోయింది, బిడ్డ కూడా దక్కలేదు. ఇద్దరి ఫోటోలూ ఒకరివి ఒకరికి ఇద్దామని పిన్ని అంది. ఆమె గడుసుది, ఆయనకు నా సంగతి ఇంకా చెప్పకుండానే, స్టేషను రోడ్డులో ఫలానా స్టూడియోలో ఫోటో మంచిగా తీస్తారు పో అని పంపింది, మాకు మాత్రం ముందే కబురు చేసింది. ఆయన వచ్చే వేళకు అన్న చాయ్ తాగొస్తానని కావాలనే బయటికి పోయాడు. పోతూ పోతూ, మగవాళ్ళ ఫోటో నువ్వు తీయకూడదని రాసిపెట్టిందేమీ లేదులే అన్నాడు, అన్నకు ఆ మాత్రం వేళాకోళం ఉండేది.

ఆయన ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు, ఇస్త్రీ తనే చేసుకున్నట్టున్నాడు, ఒక చేతి మీద మడత ఉంది, ఇంకో చేతి మీద లేదు. స్టూలు మీద కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకుని, "నాకు ఫోటో దిగుడు రాదమ్మా, జర మీరే చెప్పాలె" అన్నాడు. ఊరికే కూర్చోండి చాలన్నాను. రింగు తిప్పాను. మసకలోంచి ఆయన కళ్ళు మెల్లగా తేటపడ్డాయి. అందమైనవాడేమీ కాదు. కానీ ఒక్కడే వండుకుని, ఒక్కడే తిని, తిన్న కంచం ఒక్కడే కడుక్కునే మనిషి కళ్ళల్లో ఏం ఉంటుందో అది ఉంది, నేను అద్దంలో రోజూ చూసేదే. ఫోకస్ కుదిరింది. కుదిరాక కూడా నేను రింగును కాస్త అవతలికి తిప్పి మళ్ళీ ఇవతలికి తెచ్చాను, ఇంకోసారి తిప్పి ఇంకోసారి తెచ్చాను. ఆయన కదలకుండా కూర్చున్నాడు. ఆయన నచ్చాడని నాకు అప్పుడే తెలిసిపోయింది, ఇది దాచుకోవలసిన విషయం ఇప్పుడు కాదు. ఆ ఫోటో చాలా బాగా వచ్చింది. ఆరేసిన ఫోటోను నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూస్తుంటే వదిన, అది ఎప్పుడో ఎండిపోయింది, ఇగ నీ చూపుకు మాడిపోతది అని ఆటపట్టించింది.

ఇక నా ఫోటో తీయాలి. అన్న, తనే తీస్తానన్నాడు, నా చెల్లెలి ఫోటో ఇంకెవడో తీసుడేంది అన్నాడు. వదిన తన పెళ్ళినాటి ఆకుపచ్చ చీర నాకు కట్టింది, జడలో పువ్వు పెట్టబోయి ఆగి, మళ్ళీ ఏమనుకుందో పెట్టేసింది. ఎంతమంది పిల్లల్నో కూర్చోబెట్టిన స్టూలు మీద నేను కూర్చుని, నా గడ్డం నేనే ఎత్తుకున్నాను. లెన్సును ఎదటి నుంచి నేను సరిగా చూడడం అదే మొదలు, నల్లగా, లోపల ఎక్కడో ఊదారంగు మెరుపు. అన్న రింగు తిప్పుతున్నాడు. అవతలికి తిప్పి ఇవతలికి తెస్తున్నాడు, మళ్ళీ అవతలికి. చెల్లెలి సంబంధం ఫోటో కదా, ప్రేమకొద్దీ అంతసేపు చూస్తున్నాడనుకున్నాను. కదలకు చెల్లె, కదలకు అన్నాడు. నేను కదలడం లేదు.

ఆ సాయంత్రమే చీకటి గదిలో ఎర్రదీపం కింద కాగితం మందునీళ్ళలో వేసి ఊపుతూ కూర్చున్నాను. మొదట నా వెనకాలి పరదా తేలింది. పరదా మీద వేసిన స్తంభం, స్తంభం మీది తీగ, తీగ మీద రంగు పెచ్చులూడిన చోట పగుళ్ళు కూడా తేటగా, వేలితో తడమొచ్చన్నంత తేటగా వచ్చాయి. ముందున్న నేను మాత్రం మసక. కళ్ళున్నచోట రెండు మచ్చలు, చీర ఒక మబ్బు. తొందర్లో తీశాడులే అనుకున్నాను. తొందరపడలేదే, అంతసేపు తిప్పాడే అని వెంటనే అనిపించింది. అప్పుడు వానాకాలం నుంచి వచ్చిన పెళ్ళి ఫోటోలన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి, పూలదండలు, తమలపాకు నమిలే పెద్దాయన, బియ్యం డబ్బా. చేతిలో పటకారు పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను, కాగితం మందులో ఎక్కువసేపు ఉండి పూర్తిగా నల్లబడింది.

మర్నాడు మధ్యాహ్నం గిరాకీ లేని వేళ వెనక గదిలో అన్న ఒక్కడే కూర్చుని ఉంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. నెగెటివ్ మీద గీత పడింది, ఇంకోసారి తీయాలి అన్నాను. అన్న చేతిలో ఉన్న ఖాళీ రీలు డబ్బా పక్కన పెట్టాడు. తర్వాత, "గీత పడలే చెల్లె. నాకే కనబడ్తలేదు. నడిమిట్ల పొగ కమ్మినట్టయితాంది" అన్నాడు. ఎవరికీ చెప్పకుండా పెద్ద దవాఖానకు పోయొచ్చాడట, షుగరు కళ్ళల్లోకి దిగిందన్నారట, అద్దాలతో పోయేది కాదన్నారట. వదినకు చెప్పొద్దని నా చెయ్యి పట్టుకున్నాడు. ఫోటోగ్రాఫరుకు కళ్ళు లేవంటే వీధిలో ఎవడైనా ఇంక గడప తొక్కుతాడా అన్నాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, "నువ్వయితే పో. నా ఫికర్ పెట్టుకోకు. నీ బతుకు నువ్వు బతుకు" అన్నాడు. ఆ మాట పైపైన అన్నది కాదు, మనస్ఫూర్తిగా అన్నాడు, అందుకే మోయలేకపోయాను.

త్యాగం అనే మాట నాకు గిట్టదు. సినిమాల్లో చేస్తారు, వెనక సంగీతం వస్తుంది. నాకు వెళ్ళాలని ఉండింది. ధర్మసాగర్‌లో ఆ చెరువు కట్ట కింద ఒక రేకుల ఇల్లు ఉంటుందని, అందులో నా వంట, నా కంచం పక్కన ఇంకో కంచం ఉంటాయని, పొద్దంతా పంపుల చప్పుడు వినిపిస్తుంటుందని అన్నీ ఊహించుకుని పెట్టుకున్నాను. కానీ ఎటు తిప్పి చూసినా లెక్క ఒక్కచోటే వచ్చి ఆగేది. నేను పోతే ఆ లెన్సు రింగు తిప్పే కళ్ళు ఆ ఇంట్లో ఇంకెవరికీ లేవు. వదినకు చీకటి గదిలో ఊపిరాడేది కాదు, పిల్లలు చిన్నవాళ్ళు. బయటి మనిషిని పెట్టుకుంటే అన్న సంగతి వారం తిరక్కుండా బజారుకెక్కుతుంది. నా అన్న నన్ను రిక్షాలో కూర్చోబెట్టి తీసుకొచ్చిన రోజున ఈ లెక్కలేవీ వేసుకోలేదు. అదే నన్ను కట్టేసింది.

వదినతో, నాకు ఆయన నచ్చలేదు అని చెప్పాను. ఆమె నెత్తి కొట్టుకుంది. "ఏం తక్కువైందే ఆయనకు? నీకేమన్న రాజు వస్తడా?" అని అరిచింది, పిన్నికి ఏం మొహం చూపించాలని ఏడ్చింది, ఆ కోపం ఆమెకు చాలా ఏళ్ళు ఉండిపోయింది. అన్న గోడ అవతల వింటున్నాడు. లేచి చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు, పొద్దుగూకేదాకా రాలేదు. కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక ఉదయం దుకాణం తీస్తూనే కెమెరా నా మెడలో వేసి, తను వెళ్ళి గిరాకీలు కూర్చునే బల్ల తుడవడం మొదలుపెట్టాడు. ఆ విషయం గురించి మేమిద్దరం చనిపోయేదాకా మళ్ళీ ఒక్క మాట అనుకోలేదు, చనిపోయేదాకా అంటే అన్న చనిపోయేదాకా.

ఆ తర్వాత స్టూడియోలో అన్న మాటలు, నా కళ్ళు. ఆయన నవ్విస్తూ కూర్చోబెట్టేవాడు, నేను రింగు తిప్పేదాన్ని, బటను ఆయన నొక్కేవాడు, వచ్చినవాళ్ళకు అన్నే తీస్తున్నట్టుండేది. పెళ్ళిళ్ళతోనే చిక్కు, అక్కడికి నేను పనికిరాను కదా. దానికి ఒక దారం ఉపాయం కనిపెట్టాను. లెన్సు మీద ఎంత దూరానికి రింగు ఎక్కడ ఉండాలో అంకెలు చెక్కి ఉంటాయి. ఆ అంకెలు అన్నకు కనిపించవు, అందుకని వదిన గోళ్ళ రంగుతో రింగు మీద బొట్లు పెట్టాను, ఎండాక వేలికి తగిలేట్టు. ఆ దూరాలకే ముళ్ళు వేసిన మగ్గం దారం ఒకటి కెమెరాకు కట్టాను. పెళ్ళిలో అన్న దారం కొస పెళ్ళికొడుకు భుజానికి ఆనించి, చేతికందిన ముడిని బట్టి వేలితో బొట్టు వెతుక్కుని, ఫ్లాష్ కొట్టేవాడు. జనం అదేదో పట్నంలో నేర్చిన పద్ధతి అనుకున్నారు. మా వీధి చివర ఇంకో స్టూడియో ఆయన కూడా తన కెమెరాకు దారం కట్టుకుని తిరిగాడు, ఎందుకో ఆయనకే తెలియదు. నేను పందిరి వెనక పొయ్యిల దగ్గర, పొగలో, వంటవాళ్ళ మధ్య కూర్చుని అయిపోయిన రీళ్ళు మార్చి ఇస్తూ ఉండేదాన్ని. బాజాలు వినిపించేవి. ఆ పెళ్ళికూతుళ్ళలో చాలామంది ఫోటో నేను తీసినదే.

అప్పుడు మా వాడకు నల్లా నీళ్ళు ధర్మసాగర్ నుంచే వచ్చేవి. పొద్దున నల్లాలో ముందు గాలి బుసకొట్టేది, తర్వాత నీళ్ళు దూకేవి. ఆయన మోటారు వేశాడు అనుకునేదాన్ని. బిందె నిండేంతసేపు అక్కడే నిలబడేదాన్ని, ఎవరితోనూ చెప్పుకోలేనిది అంతకంటే ఏం చేస్తాను. కొన్నాళ్ళకు ఆయనకు జనగామ వైపు నుంచి సంబంధం కుదిరిందని పిన్ని చెప్పింది. మర్నాడు పొద్దున కూడా నీళ్ళు ఆ వేళకే వచ్చాయి.

ఎనభైల్లో ఒకసారి ఆయన వచ్చాడు, భార్యతో, కొడుకుతో. అప్పటికి రంగుల ఫోటోలు వచ్చేశాయి, రీళ్ళు హైదరాబాదు పంపి కడిగించేవాళ్ళం, అయినా కొందరు నలుపు తెలుపు ఫోటోనే పటం కట్టించుకునేవాళ్ళు. అన్న వాళ్ళను గొంతు గుర్తుతో సర్ది కూర్చోబెట్టాడు. ఆమె చక్కగా ఉంది, పిల్లవాడు తండ్రి పోలిక. నేను రింగు తిప్పాను. ముందు ఆమె కళ్ళు కుదిర్చాను, తర్వాత పిల్లవాడివి, ఆయనవి చివర్లో. ముగ్గురూ ఒకే వరసలో తేటగా రావాలంటే లెన్సు కన్ను కాస్త మూయాలి, మూశాను. పోయేటప్పుడు ఆయన గడప దగ్గర ఆగి, "అప్పుడు గూడ మీరే తీసిండ్రు గదా. ఆ ఫోటో మంచిగొచ్చింది" అన్నాడు. అంతే అన్నాడు. ఆయనకు పిన్ని అంతా చెప్పే ఉంటుంది. అవునండి అన్నాను. భార్య ఇటు తిరిగి చూసి నవ్వింది, నేనూ నవ్వాను, ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు.

ఆ తర్వాత చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. అన్న కళ్ళు పూర్తిగా పోయాయి, ఆ మీద కొన్నేళ్ళకు అన్నే పోయాడు, రంగుల ల్యాబులు వరంగల్‌కే వచ్చాక స్టూడియో నడవలేదు. వదిన పోయేముందు ఒక రోజు నా చేత కాళ్ళు పట్టించుకుంటూ, ఆయన కండ్ల సంగతి నాకు మొదలే ఎరుకే, నచ్చలేదని నువ్వు అబద్ధమాడింది గూడ ఎరుకే, కదిలిస్తె నువ్వు పోతవేమోనని భయమై ఊకున్న అంది. నచ్చలేదంటే అంతగా కేకలేసిన మనిషి. నేను కాళ్ళు పడుతూనే ఉన్నాను. అన్న పిల్లలు స్థిరపడ్డారు, నన్ను రమ్మంటారు, నేనే వెళ్ళను. ఒకరి ఇంట్లో బియ్యంలో రాళ్ళు ఏరడం మళ్ళీ మొదలుపెట్టలేను.

మొన్న ఆ పిల్ల కాసేపు ఆ పాత లెన్సుతో అవస్థపడింది. రింగు తిప్పి తిప్పి, కోయిలను తీయబోతే కొమ్మ తేటగా వచ్చి కోయిల మసకబారిందని విసుక్కుంది. తర్వాత దాన్ని తీసేసి తన సొంత లెన్సు పెట్టుకుని, నీ ఫోటో ఒకటి తీస్తా కూసో అవ్వా అంది. నేను కూర్చుని అలవాటుకొద్దీ ఊపిరి బిగబట్టాను, రింగు తిప్పుతుందని ఎదురుచూస్తున్నాను. ఆమె ఏమీ తిప్పలేదు. ఏదే, ఫోకస్ పెట్టలేదే అన్నాను. "మనం పెట్టుడేంది అవ్వా, అదే నీ కన్ను ఎక్కడున్నదో వెతుక్కుంటది. గుడ్డోడు నొక్కినా తేటగ వస్తది" అంది, ఏ ఎరుకా లేకుండా.

తెరమీద నా ఫోటో చూపించింది. కనురెప్పల వెంట్రుకలు, బుగ్గ మీది పుట్టుమచ్చ, నుదుటి ముడతలు, ఒక్కటీ తప్పిపోకుండా ఉన్నాయి. చూస్తూ ఉన్నాను. గుడ్డివాడు నొక్కినా తేటగా వచ్చే ఫోటో. వేలి కొసతో అట్లా నొక్కితే అయిపోయే పనికి నేను నా వయసంతా పెట్టాను. ఈ కెమెరా అప్పుడే వచ్చి ఉంటే మా అన్న ఎవరికీ దాచుకోవలసిన పనిలేకుండా బతికేవాడు, నేను ధర్మసాగర్ చెరువు కట్ట కింద ఒక ఇంట్లో ముసలిదాన్నయ్యేదాన్ని. ఎవరి మీదా కోపం లేదు, ఏ కాలంలో పుట్టాలో మనం ఎంచుకోలేదు కదా. ఇప్పటివాళ్ళకు కాలక్షేపానికి తిప్పుకునే రింగు అది, మాకు దాని మీద ఇల్లు నడిచింది, అంతే తేడా. కానీ ఫోటోలో అంత తేటగా ఉన్న నా మొహాన్ని నేను మొదటిసారి చూస్తున్నాను, అది ఇలా ఉండే వయసులో కాదు కదా చూడవలసింది అనిపించి ఏడుపొచ్చింది.

ఆ పిల్లకు అర్థం కాలేదు, ఫోటో బాగుందని ఏడుస్తున్నాననుకుంది. నా భుజం మీద చెయ్యి వేసి, ఫోన్ తీసి, ఇందులోకి ఇప్పుడే వస్తది అవ్వా, ఎవలికి పంపాలె చెప్పు, నంబరు చెప్పు అంది. నేను నిజంగానే కాసేపు ఆలోచించాను. పేర్లన్నీ ఒకటొకటిగా తలచుకున్నాను. ఎవరికీ వద్దులే బిడ్డా, నీ దగ్గరే ఉండనీ అన్నాను.